మంచోరేనండి, కాకపోతే... : ఒక రొయ్యల ప్లాంటు మేనేజరు కేసు

"మా సార్ మంచోరేనండి. కాకపోతే..."

ఆ ప్లాంటులో మొదటి వారం నేను 14 మందితో విడివిడిగా మాట్లాడాను. 11 మంది ఈ మాటతోనే మొదలుపెట్టారు, 'కాకపోతే' దగ్గరే ఆగిపోయారు. ఒకావిడ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఒకతను "ఏం లేదులెండి, వదిలేయండి" అన్నాడు. ఆ 'కాకపోతే' తర్వాత ఏముందో తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందులో నెలన్నర నా తప్పు వల్లే పోయింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

గోదావరి జిల్లాల్లో రైస్ మిల్లులు, మేత కంపెనీలు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్ల వాళ్లకు సిబ్బంది విషయాల్లో సలహాలు ఇవ్వడం నా పని. యజమాని, మేనేజరు ఇద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను. ఊరు, పేర్లు చెప్పను. గుర్తుపట్టేలా ఉన్న కొన్ని వివరాలూ అంకెలూ మార్చాను.

నేపథ్యం

2009లో వనామీ రకం రొయ్య వచ్చాక డెల్టాలో వరి చేలు ఎలా చెరువులయ్యాయో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చెరువుల వెనకే ప్లాంట్లు వచ్చాయి. ఇది భీమవరానికీ అమలాపురానికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. సీజన్‌లో సుమారు 300 మంది పనిచేస్తారు. మూడింట రెండొంతులు ఆడవాళ్లే. తలలు తీయడం, పొట్టు ఒలవడం, సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ వాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. తెల్లారకముందే బస్సులు ఊళ్ల మీదికి వెళ్లి వాళ్లను ఎక్కించుకొస్తాయి. గంబూట్లు, గ్లౌజులు, నెత్తికి టోపీ, ఎటు చూసినా ఐసు నీళ్లు. షిఫ్టు దిగేసరికి వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి.

రొయ్య చెరువు దాటిన దగ్గర్నుంచి ఐసుకీ టైముకీ పందెం. పట్టుబడి ఏ అర్ధరాత్రో అవుతుంది, లారీ ఏ రెండింటికో గేటు దగ్గరికి వస్తుంది. సరుకు 4 డిగ్రీల లోపు ఉండాలి. వేడి తగిలితే తల దగ్గర నలుపు ఎక్కుతుంది. తలతో సహా ఎగుమతి కావలసిన సరుకు నల్లబడితే తల తీసి అమ్ముకోవలసిందే. తల తీస్తే బరువులో మూడో వంతుకు పైగా పోతుంది. ఆలస్యానికి ఇక్కడ ధర ఇంత అని లెక్కకట్టి చెప్పొచ్చు. ఈ కేసుకు అదే కీలకం.

మేనేజరుకు 40 నిండలేదు. ఫిషరీస్ చదివి, క్వాలిటీ విభాగంలో ఎనిమిదేళ్లు చేసి, ఏడాదిన్నర కిందట ప్రొడక్షన్ మేనేజరు అయ్యారు. గుప్పెట్లోకి నాలుగు రొయ్యలు తీసుకుని కౌంటు చెప్పేస్తారు. ఈయన 50 అంటే తూకంలోనూ కిలోకి 50కి అటూ ఇటూగానే వస్తాయి. మనిషి చెడ్డవాడు కాదు. పీలింగ్ షెడ్డులో ఎవరింట్లో పెళ్లయినా వెళ్లి అక్షింతలు వేస్తారు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సొంత కారులో ఆసుపత్రికి పంపిస్తారు. పిల్లల ఫీజులకు జేబులోంచి తీసి ఇస్తారు. నోటి దురుసు కొంచెం ఉంది, అది కూడా అప్పుడప్పుడే.

యజమానిది రైస్ మిల్లు కుటుంబం. వాళ్ల నాన్నగారు కాటా పక్కనే మడత మంచం వేసుకుని కూర్చునేవారట. 'కళ్ల ముందు ఉంటేనే పని' అన్నది ఈయనకు అక్కడి నుంచి వచ్చిన నమ్మకం. మంచి బాస్ అంటే ఎవరని మొదటి రోజే అడిగాను. "ఎవరు ఏం చేస్తున్నారో అన్నీ తెలిసినోడు" అన్నారు. ఆ జవాబు తప్పు కాదు. ఆ 'తెలియడం' ఎలా జరుగుతుంది అన్న దగ్గరే మా ఇద్దరి దారులూ వేరయ్యాయి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

2025 వేసవి సీజన్. ఒక రాత్రి 1:50కి ఐసు మిషను కంప్రెసర్ ఆగిపోయింది. నైట్ సూపర్‌వైజరు 2:10కి చూశాడు. మేనేజరుకు తెలిసింది 5:35కి. ఆ మూడున్నర గంటల్లో రెండు టన్నుల దాకా సరుకు చెడింది. తలతో పోవలసింది తల లేకుండా పోయింది. ఐదు కిలోమీటర్ల లోపే రెండు ఐస్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఒక్క ఫోను చేస్తే గంటలో దిమ్మలు దిగేవి.

యజమాని నాకు ఫోన్ చేశారు. "మేడమ్ గారూ, సూపర్‌వైజర్లకి బాధ్యత అనేదే లేదండి. రెండ్రోజులు క్లాసు పెట్టండి, గట్టిగా చెప్పండి." ఇంకో మాట కూడా మధ్యలో అనేసి దాటేశారు. 11 మంది సూపర్‌వైజర్లలో ఐదుగురు ఏడాదిలో మానేశారు. ఇద్దరైతే తక్కువ జీతానికి వెళ్లారు.

ఎక్కువ జీతానికి వెళ్తే డబ్బు కోసం వెళ్లారనుకోవచ్చు. తక్కువకు వెళ్లారంటే ఎవరి నుంచో వెళ్లిపోయారని అర్థం. నా అనుభవంలో ఇది దాదాపు ఎప్పుడూ తప్పలేదు. ఆ మాట వినగానే నేను 'క్లాసు సంగతి తర్వాత, ముందు నన్ను రెండు వారాలు షిఫ్టుల్లో ఉండనివ్వండి' అనాల్సింది. అనలేదు. కొత్త క్లయింటు, అడిగింది చేసి పెడితే లోపలికి దారి దొరుకుతుంది కదా అనుకున్నాను. ఫీజు కూడా క్లాసుకే మాట్లాడుకున్నాం. ఇది దాచాల్సిన పని లేదు.

చేసి చూసినవి, పని చేయనివి

రెండు రోజుల క్లాసు ఒక కల్యాణమండపంలో పెట్టాం. భోజనాలు బాగున్నాయి. రెండో రోజు మధ్యాహ్నం నిద్రమత్తు వదలడానికి ఒక చిన్న నాటిక వేయించాను. ఒకరు సూపర్‌వైజరు, ఒకరు మేనేజరు. మిషను పాడైందని ఫోన్ చేసి చెప్పాలి. సూపర్‌వైజరు వేషం వేసినతను "సార్, ఐసు మిషను..." అన్నాడో లేదో, మేనేజరు వేషం వేసినవాడు "షిఫ్టులో ఎవడ్రా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కేసంతా ఆ నవ్వులోనే ఉందని నాకు అప్పుడు తట్టలేదు. డైరీలో 'పాల్గొనడం బాగుంది' అని రాసుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

మరో పదిహేను రోజులకు ఇంకో ఘటన. ఒక లాటులో గ్రేడు కలిసిపోయింది. పైకి తెలియడానికి ఒక పూట పట్టింది. క్లాసు వల్ల ఏమీ మారలేదు.

అప్పుడు సలహాల పెట్టె పెట్టించాను. భయం వల్లే చెప్పడం లేదు, పేరు లేకుండా రాయమంటే రాస్తారు అనుకున్నాను. మూడు వారాల్లో వచ్చినవి తొమ్మిది చీటీలు. సాంబారు గురించి నాలుగు, బస్సు గురించి మూడు. ఒకటి ఖాళీ కాగితం. తొమ్మిదోది నిజమైన చీటీ: రాత్రి షిఫ్టులో టెంపరేచర్ చూడకుండానే రాస్తున్నారని. మేనేజరు దాన్ని మీటింగులో చదివి, నవ్వుతూ, "ఈ రాత ఎవరిదో నాకు తెలుసులే" అన్నారు. ఆయన సరదాకే అన్నారు, నాకు తెలుసు. పెట్టెలో మళ్లీ కాగితం పడలేదు.

మూడోది ఇంకా పెద్ద తప్పు. చీటీ సంగతి తర్వాత ఆయనతో ఒక గంట కూర్చుని, కోప్పడొద్దని చెప్పాను. ఆయన మనస్ఫూర్తిగా ప్రయత్నించారు. చెడు మాట వినగానే పెదవులు బిగించి, తల ఊపి, వెళ్లిపోవడం మొదలుపెట్టారు. పది రోజులకు పీలింగ్ షెడ్డు మేస్త్రమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మేడమ్ గారూ, సార్‌కి ఏం చెప్పారోగాని, ఇంతకుముందు తిట్టేవోరు, తిట్టాక అయిపోయేది. ఇప్పుడు ఏం అనరు. అది మనసులో పెట్టుకున్నారో, వదిలేశారో తెలీక చస్తున్నామండి."

తిట్టని బాస్ మంచి బాస్ అని నేను అడక్కుండానే అనుకుంటూ వచ్చాను. కింద పనిచేసేవాళ్లకు కావలసింది తియ్యటి మాట కాదు. ఇది చెబితే అది జరుగుతుంది అన్న అంచనా. తిట్టు కూడా ఒక అంచనాయే. మౌనం నుంచి ఏ అంచనాకూ రాలేరు.

నోటు పుస్తకం

ఇక్కడ ఆగి మొదటికి వచ్చాను. ఈసారి ఎవరినీ ఏమీ మార్చమనలేదు. ఒక నోటు పుస్తకం తీసుకుని రెండు వారాలు మూడు షిఫ్టుల్లోనూ తిరిగాను. ఏదైనా జరిగితే మూడు టైములు రాసుకున్నాను: జరిగింది ఎప్పుడు, మొదట చూసింది ఎప్పుడు, మేనేజరుకు తెలిసింది ఎప్పుడు. చిన్నాపెద్దా కలిపి 17 వచ్చాయి.

మంచి కబురు నిమిషాల్లో చేరుతోంది. లోడు టైముకు వెళ్లిపోయింది, ఆడిట్ వాళ్లు బాగుందన్నారు లాంటివి. చెడు కబురుకు సగటున రెండు గంటలకు పైనే. అది ఊహించిందే. ఆ రెండు గంటలూ వాళ్లు ఏం చేస్తున్నారన్నదే నాకు కావాలి. నైట్ సూపర్‌వైజరును ఒకరోజు షిఫ్టు దిగాక టీ బండి దగ్గర కూర్చోబెట్టి, ఐసు మిషను రాత్రి గురించి నిమిషం నిమిషం చెప్పమన్నాను.

2:10కి చూశాడు. మెకానిక్‌కి ఫోన్ చేశాడు. తర్వాత ముందు షిఫ్టువాళ్లు మిషనును ఎలా వదిలి వెళ్లారో కనుక్కోవడానికి ఇద్దరికి ఫోన్ చేశాడు. లాగ్ పుస్తకం ఫొటో తీసుకున్నాడు. ఆయిల్ ఎవరు మార్చాలి, ఎప్పుడు మార్చారు, అన్నీ పోగేశాడు.

"అదంతా ఎందుకు? ముందు సార్‌కి చెప్పొచ్చు కదా?"

"చెబితే మొదట 'ఎవరు?' అంటారండి. ఎవరో తెలీదంటే నేనే అవుతాను."

అప్పుడు ఆ నాటిక గుర్తొచ్చింది.

మూడున్నర గంటలూ అతను నిర్లక్ష్యంగా లేడు. ఒళ్లు దాచుకోలేదు. పై నుంచి రాబోయే మొదటి ప్రశ్నకు జవాబు తయారు చేసుకుంటున్నాడు. మిగిలిన ఘటనల్లోనూ చాలావరకు అదే జరిగింది. బాస్ మొదట ఏది అడుగుతాడో జనం దానికే సిద్ధమై వస్తారు. 'ఎవరు' అని అడిగే చోట మనిషిని వెతికి పట్టుకొస్తారు, ఆ లోపు ఐసు కరుగుతుంది.

మేనేజరుకు ఈ అలవాటు ఎక్కడిది? యజమాని గదిలో పదిహేను నిమిషాలు కూర్చుంటే తెలిసింది. ఆయన ప్రతి ఫోనులోనూ మొదటి మాట "ఎవరు చూసుకుంటున్నారు అది?" డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లాకుల దగ్గర నీరు ఎర్రగా వస్తే శివారు చేలోనూ ఎర్రగానే వస్తుంది.

ఇంకొకటి కూడా నోటు పుస్తకంలోనే బయటపడింది. బాగా ఆలస్యంగా చెప్పిన వాళ్లలో ముగ్గురు మేనేజరు దగ్గర చేబదులు తీసుకున్నవాళ్లు. గ్రేడింగ్‌లో ఒకమ్మాయి అంది: "మా అమ్మ ఆపరేషన్‌కి 20 వేలు ఇచ్చారండి. ఆయన మొహం చూసి మా టేబుల్ తప్పు ఎలా చెప్పమంటారు? ఇంత చేస్తే ఇదా అనుకోరూ?" ఇది నేను ఊహించలేదు. ఆయన మంచితనమే వాళ్ల నోటికి అడ్డుపడుతోంది.

పని చేసినవి

మేనేజరుతో ఈసారి మూడు గంటలు కూర్చున్నాను. కోపం గురించి ఒక్క మాట అనలేదు. నోటు పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన అంకెల మనిషి. అందుకే అలా చేశాను. 'మీరంటే భయపడుతున్నారు' అంటే వాదించేవారు, 'మీకు రెండు గంటలు ఆలస్యంగా తెలుస్తోంది' అంటే ఆ కాగితం లాక్కుని తిరగేశారు. కాసేపటికి "నేను 'ఎవరు' అంటానా?" అన్నారు. ఆయనకు నిజంగానే తెలియదు.

ఒప్పందం చిన్నది. ఏ చెడు కబురైనా మొదటి ప్రశ్న "సరుకు ఇప్పుడు ఎక్కడుంది, ఎన్ని డిగ్రీలుంది?" రెండోది "నీకేం కావాలి?" 'ఎవరు' అన్న మాట మర్నాడు 11 గంటలకు, కూర్చుని మాట్లాడేటప్పుడే. ఆ రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసి ఫోను కవరు వెనక పెట్టుకున్నారు. మొదటి వారం నాలుగుసార్లు తప్పారు. ఒకసారి నా ఎదుటే "ఎవ..." అని నాలుక కరుచుకుని "ఎన్ని డిగ్రీలు?" అన్నారు. సూపర్‌వైజరు నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వును ఆయన సహించారు. నా లెక్కలో మార్పు అక్కడ మొదలైంది.

రెండోది అధికారం. ఐసు కొనాలన్నా, లైను ఆపాలన్నా రాత్రిపూట మేనేజరు అనుమతి కావాలి. బాధ్యత 2:10కి నైట్ సూపర్‌వైజరు మీద, నిర్ణయం ఇంటి దగ్గర నిద్రపోతున్న మనిషి చేతిలో. షిఫ్టు ఇన్‌ఛార్జి రాత్రికి 15 వేల వరకు ఐసు తెప్పించుకోవచ్చు, లైను ఆపొచ్చు, అడగక్కర్లేదు, చెబితే చాలు అని ప్రతిపాదించాను. యజమాని ఒప్పుకోలేదు. "తాళాలు ఇచ్చేస్తే తినేస్తారండి" అన్నారు. నేను వాదించలేదు. ఆ రాత్రి పోయిన సరుకు విలువకు ఎన్ని రాత్రుల ఐసు వస్తుందో ఆయన చేతే కాలిక్యులేటర్ మీద కొట్టించాను. అందరూ రోజూ తిన్నా పోయేది తక్కువే. ఒక నెల చూద్దామన్నారు.

అసలు పరీక్ష మూడో వారంలో వచ్చింది. ఒక ఇన్‌ఛార్జి అవసరం లేకుండానే కంగారుపడి రెండుసార్లు ఐసు దింపించాడు. పదకొండు వేలు. యజమాని నా వైపు 'చూశారా' అన్నట్టు చూశారు. అప్పుడు మేనేజరు ఏం చేస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఆ రోజు తిడితే, మళ్లీ ఎవరూ ఐసు తెప్పించరు. ఏమీ అనకపోతే యజమాని ఆ అధికారం వెనక్కి తీసుకుంటారు. ఆయన అతన్ని కూర్చోబెట్టుకుని, "ఏ రీడింగ్ చూసి తెప్పించావు?" అని అడిగారు. చూస్తే ఒక థర్మామీటరు రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. దాన్ని తీసి పడేశారు. ఆ రకంగా పదకొండు వేలకు ఒక పాడు థర్మామీటరు దొరికింది. ఇది మా అదృష్టం కూడా, కాదనను.

చేబదుళ్ల విషయం అన్నింటికంటే కష్టమైంది. "సాయం చేయడం కూడా తప్పేనా మేడమ్?" అన్నారు, గొంతు మారిపోయింది. ఆయన చిన్నప్పుడు ఫీజు కట్టలేక ఒక ఏడాది చదువు ఆగిపోయిందట. సాయం ఆపమని నేను అనలేదు. ఆయన చేతి నుంచి తీసి ఆఫీసు పుస్తకంలో పెట్టమన్నాను. యజమాని కొంత మొత్తం పక్కన పెట్టారు. ఎవరికైనా అవసరమైతే అడ్వాన్సు, మూడు నుంచి ఆరు నెలల్లో జీతంలోంచి కోత, నిర్ణయం అకౌంటెంటుదీ మేస్త్రమ్మదీ. ఇప్పుడు వాళ్లు అప్పుపడింది ప్లాంటుకు, ఈయనకు కాదు. ఆయనకు ఇది ఇంకా పూర్తిగా మింగుడుపడలేదు. పెళ్లిళ్లకు మాత్రం వెళ్తున్నారు. అది మానమని నేనూ అనను.

ఒక ఉదయం పది నిమిషాల మీటింగులో ఆయన, "నిన్న లారీ టైము నేనే తప్పు చెప్పాను, దానివల్ల షెడ్డు గంట ఖాళీగా ఉంది" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రమ్మే, "ఆయ్, అయితే నిన్నటి లేటు మాది కాదన్నమాట, రాసుకోండి" అంది. అందరూ నవ్వారు. ఆ వారంలో నా నోటు పుస్తకంలోకి వచ్చిన ఘటనలు పెరిగాయి. యజమాని కంగారుపడ్డారు. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో చూసింది కూడా ఇదేనని ఆయనకు చెప్పాను. మంచి బృందాల్లో తప్పులు తక్కువగా కనిపిస్తాయని అనుకుంటే, ఎక్కువగా కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు, దాచకుండా చెప్పడం వల్ల అని తర్వాత అర్థమైంది. యజమానికి పరిశోధన కంటే తేలిగ్గా ఎక్కింది ఇంకో మాట: "చెరువులో చెక్‌ట్రే ఎత్తి చూస్తేనే కదండీ మేత మిగిలిందో లేదో తెలిసేది. ఎత్తకపోతే అంతా తినేసినట్టే."

కఠినంగా ఉండాల్సి వచ్చిన రోజు

ఇదంతా మెతకదనం నేర్పడమని ఎవరైనా అనుకుంటారేమోనని ఈ భాగం విడిగా రాస్తున్నాను. ఆ తొమ్మిదో చీటీ నిజమే. ఒక ఇన్‌ఛార్జి రాత్రి పదకొండింటికే తెల్లవారే వరకు రీడింగులన్నీ రాసేస్తున్నాడు. అన్నీ 3.5, 3.8, 3.6. ముత్యాల్లాంటి చేతిరాత. పనిలో పాతవాడు, అందరికీ ఇష్టుడు.

మేనేజరుకు సందేహం: ఇప్పుడు చర్య తీసుకుంటే మళ్లీ అందరి నోళ్లూ మూతపడవా? నాకూ ఆ భయం ఉంది. రెండు రోజులు ఆలోచించి ఒక గీత గీశాం. పొరపాటు చేసి చెప్పినవాడికి రక్షణ. చూడకుండా చూశానని రాసినవాడికి లేదు, ఎందుకంటే అది తప్పు మాత్రమే కాదు, మనం కట్టుకుంటున్న దారికే గండి కొట్టడం. పైగా అది తినే సరుకు, ఎవరో పిల్లలు తింటారు. అతన్ని ఇన్‌ఛార్జి పని నుంచి తప్పించారు. చెప్పింది గదిలో, ఒక్కడికే. మీటింగులో అతని పేరు ఎత్తకుండా గీత ఎక్కడుందో మాత్రం చెప్పారు. ఉద్యోగంలోంచి తీసేయాలన్నది యజమాని అభిప్రాయం. పదేళ్ల మనిషికి హెచ్చరిక లేకుండా అంత పెద్ద శిక్ష వేస్తే మిగతావాళ్లు గీతను మరిచిపోయి శిక్షనే గుర్తుపెట్టుకుంటారని నేను అడ్డుపడ్డాను. ఈ విషయంలో నేను చెప్పింది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. అతను రెండు నెలల తర్వాత తనే మానేశాడు.

మూడు రోజులు షెడ్డు మూగబోయింది. నాలుగో రోజు మేస్త్రమ్మ నాతో, "మంచోడని ఊరుకోలేదు, మా సార్" అంది. ఆ వాక్యంలో 'కాకపోతే' లేదు. నేను గమనించాను.

ఫలితం, దాని మీద నా అనుమానాలు

ఐదు నెలల తర్వాత మళ్లీ రెండు వారాలు నోటు పుస్తకం పట్టుకున్నాను. చెడు కబురు చాలావరకు 20 నిమిషాల లోపే పైకి వస్తోంది. రెండు మాత్రం గంట దాటాయి. ఆ ఐదు నెలల్లో ఇంకొక సూపర్‌వైజరు మానేశాడు, కాకినాడ వైపు ఎక్కువ జీతానికి. ఆ కారణానికి నాకు బాధ లేదు.

ఈ లెక్కను మరీ నమ్మొద్దు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక ఆర్డర్లు తగ్గాయి, షిఫ్టులు తగ్గాయి. పని ఒత్తిడి తగ్గితే ఎవరైనా ప్రశాంతంగానే మాట్లాడతారు. మరోవైపు, ఉద్యోగాలు దొరకని రోజుల్లో మనుషులు ఎలాగూ మానరు. ఏది మా పని వల్ల, ఏది మార్కెట్ వల్ల అని విడదీయడం నా వల్ల కాలేదు. నిండు సీజన్ ఇంకొకటి చూశాకే చెప్పగలను.

నేను నేర్చుకున్నవి

అడిగిన పని కాదు, అడగడానికి కారణమైన పని చూడాలని చాలా ఏళ్లుగా ఇతరులకు చెబుతున్నాను. ఇక్కడ నేనే తప్పాను. ఇప్పుడు మొదటి ఒప్పందంలోనే రెండు వారాల పరిశీలన అని రాస్తున్నాను, దానికి ఫీజు కూడా తీసుకుంటున్నాను. ఉచితంగా చేస్తే దాన్ని ఎవరూ పనిగా చూడరు.

పని బాగా వచ్చినవాడినే బాస్‌ని చేయడం మన దగ్గర మామూలే. 2008లో గూగుల్ తమ మేనేజర్లను పరిశీలించి మంచి మేనేజరు లక్షణాలు ఎనిమిది తేల్చితే, పనిలో సొంత నైపుణ్యం ఆ జాబితాలో చివర నిలిచింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ మాట ఐసు నీళ్లలో చెల్లుతుందా అని నేనూ అనుకున్నాను. ఇక్కడ నైపుణ్యం పనికిరాకుండా పోలేదు. ఆ పాడు థర్మామీటరును పట్టింది అదే. కాకపోతే గుప్పెట్లో కౌంటు చెప్పే మనిషికి తన నోటి మొదటి మాట తెలియలేదు. అది తెలిపేవాళ్లు ఆయనకు పైనా లేరు, కిందా లేరు.

ఇంకొకటి, ఇప్పుడు ఏ ప్లాంటుకు వెళ్లినా బాస్ మంచివాడా అని అడగడం మానేశాను. "నిన్న ఏం పాడైంది? ఆయనకు ఎన్నింటికి తెలిసింది?" అని అడుగుతున్నాను. 'మంచివాడా' అంటే అందరూ మొహమాటపడతారు, ఇలా అడిగితే టైము చెప్పేస్తారు.

ఈ మధ్య

మొన్న మేనేజరు పొద్దున్నే ఫోన్ చేశారు. గొంతులో నిద్ర తీరలేదు.

"మేడమ్, మీ పుణ్యమా అని నాకు రాత్రుళ్లు నిద్ర పోయిందండి. నిన్న రాత్రి ఆరు ఫోన్లు."

"అవసరమైనవి ఎన్ని?"

"రెండు. మిగతా నాలుగూ చెప్పక్కర్లేనివి. ఒకడైతే బల్బు పోయిందని చేశాడు."

"ఆ నాలుగూ ఎత్తారా?"

"ఎత్తానండీ" అన్నారు. తర్వాత కాసేపు ఆగి, "బల్బు వాడిని మాత్రం కొంచెం గట్టిగానే అన్నాను" అన్నారు.

"ఏమన్నారు?"

"'ఎన్ని డిగ్రీలుంది?' అన్నాను. పాపం, వాడికేం అర్థం కాలేదు."